పదిహేడో నంబరు

మందు హైదరాబాదు నుంచి సీసపు డబ్బాలో వస్తుంది,
తెల్లవారుజామున, కాజీపేట వంతెన మీదుగా.
ఆరు గంటల్లో సగం చచ్చిపోయే మందు.
జనగామ దగ్గర లారీ అడ్డం పడితే
ఆ రోజు హనుమకొండలో కిడ్నీలన్నీ మసకే.

నేను బొమ్మ తీసేదాన్ని.
చదివేదాన్ని కాదు.
పదకొండేళ్లుగా ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉన్నారు.

పరకాల నుంచి రవళి వచ్చింది, ఆరేళ్లది.
సూదికి ఏడవలేదు,
కదలొద్దన్నందుకు ఏడ్చింది.
వాళ్ల నాన్న మొండయ్య ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ.
భుజం మీది తువ్వాల మిరప ఘాటుకు
గదిలో అందరం తుమ్మాం.
ఆ తుమ్ములకు పిల్ల నవ్వింది,
నవ్వి నవ్వి అలసి, కెమెరా కింద నిద్రపోయింది.
బొమ్మ బాగానే పడింది, దాదాపు.

తెర మీద రెండు చిక్కుడు గింజలు.
ఎడమదాని పైకొసన
గోటితో గిల్లినంత వెలితి.

వసుంధర మేడం మచ్చ అన్నారు.
ఖుర్షీద్ సారు అద్దాలు నుదుటికెత్తి
మచ్చ కాదు, ప్లీహం ఒత్తుకున్న చోటు,
పుట్టుకతోనే అంతే అన్నారు.
యుగంధర్ సారు కరీంనగర్‌లో ఉండి ఫోన్‌లో చూసి
రంగులు మార్చి పంపమన్నారు.
పంపితే, ఏమో అన్నారు.
రిపోర్టులో ఏమో అనే మాట ఉండదు,
దానికి రెండు లైన్ల ఇంగ్లిషు ఉంటుంది.

మొండయ్య ఆశ్చర్యపోలేదు.
"గంతేనమ్మా. ఒక్కటే బస్త.
పొద్దుగాల వచ్చిన సేటు ఫస్టు రకమంటడు,
ఎనకొచ్చినోడు సెకండంటడు,
ఎండ వడ్డంక ఆ మొదటి సేటే మల్లొచ్చి
సెయ్యివెట్టి, తాలు కలిసిందంటడు.
మిర్ప మారదు గద. సెయ్యి మార్తది.
గాడ రేటు దప్పితే రైతు ఏడుస్తడు.
గీడ ఎవలు ఏడ్వాలె?"

ఆ మాట మేడంకు చేరవేశాను.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
మూడో రోజు, పాత స్కాన్లు నలభై ఏరమన్నారు.
పేర్లు చెరిపి, ఊర్లు చెరిపి, నంబర్లు వేసి
ముగ్గురికీ విడివిడిగా చూపించాలి.
నెల తిరిగాక వరస కలిపేసి
అవే మళ్లీ.
ఉంది, లేదు, తేల్చలేను. మూడే గడులు.

రవళి పదిహేడు. రెండోసారి ముప్పై ఒకటి.
ఆ లెక్క నాకొక్కదానికే తెలుసు.
డబ్బాలు విప్పి అన్నం తినేటప్పుడు కూడా
నోరు విప్పలేదు.

కాగితాలు కలిపిన సాయంత్రం కరెంటు పోయింది.
సెల్‌ఫోన్ వెలుగులో టిక్కులు లెక్కపెట్టాం.
పెద్ద మచ్చలకు అందరిదీ ఒకే మాట.
శుభ్రంగా ఉన్నవాటికీ దాదాపు ఒకే మాట.
గోటి గిల్లుడంత చోట్లకు వచ్చేసరికి
వాళ్లు ముగ్గురు కాదు, ఆరుగురు.

పదిహేడు, మచ్చ ఉంది: వసుంధర మేడం.
ముప్పై ఒకటి, లేదు: వసుంధర మేడం.
రెండూ పక్కపక్కన పెట్టాను.
తన టిక్కునే
ఇంకెవరిదో అన్నట్టు చాలాసేపు చూశారు.
ఖుర్షీద్ సారు నవ్వలేదు.
ఆయనవి నలభైలో తొమ్మిది.

ఆదివారం ముగ్గురూ ఒకే తెర ముందు కూర్చున్నారు.
పిల్ల సంగతి తర్వాత, ముందు మాట సంగతి:
అంచు ఎంత లోపలికి పోతే మచ్చ అనాలి?
రంగులు వద్దు, నలుపు తెలుపే.
వెనక నుంచి తీసింది ఒక్కటే చాలదు, ఏటవాలువీ చూడాలి.
ఒక చిన్న వంపు దగ్గర గంటన్నర కొట్లాట.
చాయ్ మూడుసార్లు చల్లారింది.

అప్పుడు, పదకొండేళ్లలో మొదటిసారి,
"నువ్వేమంటావ్?" అని నన్నడిగారు.
"నిద్రలో పిల్ల ఒకసారి పక్కకు ఒత్తిగిలింది మేడం.
సర్దాను. కానీ కదిలింది."
ఎవరూ ఏమీ అనలేదు.
యుగంధర్ సారు పెన్ను మూత పెట్టేశారు.

రాత్రి మొండయ్యకు ఫోన్ చేసి
రవళిని ఇంకోసారి తీసుకురావాలన్నాను.
"ఫస్టా, తాలా?" అన్నాడు.
"ఇప్పుడు కాంటా సరిజేస్తున్నరన్నా."
అటు కాసేపు చప్పుడు లేదు, దూరంగా లారీ హారన్.
"అయితే వస్త. గని
మార్కెట్ బందున్న రోజు జూసి చెప్పు."