లైన్ చెక్

నా పేరు ఎక్కడా పడదు. నల్లంగి, నల్ల లాగు,
చీకట్ల కనిపియ్యకుంట ఉరుకుడే నా కొలువు.
దుబాయ్‌ల పద్నాలుగేండ్ల సంది వైర్లు చుడుతున్న.
మోచేతికి గాదు. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి,
గట్ల చుడితేనే వైరుకు మెలి పడదు.

జెఫన్యాను మొదటిసారి చూసింది
ఎడారి అంచుకు, ఒక మైదానంల.
ఎవరో పెద్ద బ్యాండు ఆట. వీళ్ళది ముందాట.
ఇరవై నిమిషాలు. ఎండ ఇంక దిగలే.
పెద్దోళ్ళ డ్రమ్ములు నల్లగుడ్డ కప్పుకొని పండినయ్,
వాటి ముంగట మిగిలింది ఆరడుగుల పలక,
గండ్లనే నలుగురు, మోచేతులు తగులంగ.
సౌండు గూడ సగమే ఇస్తరు ముందటోళ్ళకు,
ఎవరు రాసిపెట్టని కానూను అది.
జనమా? జ్యూసు లైన్ల వీపులు.

రెండో పాట నడుమ అజాన్ అయింది. మ్యూట్ కొట్టిన.
వాడు తీగెల మీంచి చెయ్యి తీసి తల వంచి నిలవడ్డడు,
రాజోలు చర్చిల నిలవడ్డట్టే.
ఇరవైల నాలుగు నిమిషాలు అట్ల పోయినయ్.
దిగినంక నా మెడల కార్డు చదివి అడిగిండు:
"భూలింగం గారూ, వినబడిందాండీ?"
గారు!
సోనాపూర్ క్యాంపుల ఆ మాట నాకు ఎవడు తగిలియ్యలే.
ఫోర్‌మన్ నోట్ల నేను "ఏ, కేబుల్."

పొద్దంత వాని డ్యూటీ ఏసీ డక్టులు కడుగుడు.
టవర్ల కడుపులల్ల బోర్లా పాకుడు,
ముక్కుకు గుడ్డ, నెత్తికి లైటు.
ముప్పై ఆరో అంతస్తుల ఒక కూత పెడితే
అది మూలమూల తిరిగి, దుమ్ము పూసుకొని
వాని దగ్గరికే వచ్చేదట.
"నా గొంతు నాకు అక్కడే తెలిసిందండీ" అన్నడు.
కింద ఆఫీసోళ్ళు మిషన్ పాడైందని ఫోన్ కొట్టిర్రట.
ఆ గరుకునే తర్వాత అందరు పైసలు పెట్టి కొన్నరు.

ఎట్ల పెరిగిండంటే పోస్టర్ల లెక్క చెప్త.
మొదట అడుగు వరుసల, చీమలంత, పూర్తి పేరు.
బహ్రెయిన్‌ల నడిమికెక్కింది.
మస్కట్‌ల వాన. పెద్ద బ్యాండు విమానం దిగలే,
ఆ రాత్రి వీళ్ళనే గంటన్నర నిలవెట్టిర్రు,
తడిసిన జనం కదలలే.
పేరు ఎంత మీదికెక్కితే అంత పొట్టిగైంది.
జెఫన్యా. జెఫన్. జెఫ్.
అక్షరం మాత్రం లారీ అంత.

నిన్న అరేనా. పద్దెనిమిది వేల కుర్చీలు.
పెద్దోళ్ళు లైన్ చెక్‌కు రారు, మాలాంటోళ్ళే నిలవడాలె.
ఖాళీ కుర్చీలకు ఎదురుంగ, జెఫ్ మైకుల, నేను:
"ఒకటి. రెండు. ఒకటి. రెండు."
నా కోరుట్ల గొంతు పైకప్పు దాక పోయి
దుమ్ము అంటకుంట వాపసొచ్చింది.
మూడు అనేటోడు ఈ పనిల ఎవడు లేడు.

రాత్రి ముందాట ఎవరో పోరగాండ్లు, మలయాళీలు అనుకుంట,
ఆరడుగుల పలక మీద.
సౌండు సగమే. నేను మీటరు చూసిన.
జెఫ్‌కు తెలుసో, తెల్వదో.

అయిదో పాట అయినంక జనం ఒర్రుడు ఆపలే.
వాడు చెమట తుడుచుకుంట, మైకు బందున్నదనుకొని
"ఆయ్" అన్నడు.
పాటల మాట గాదు. వాళ్ళూర్ల ఎవరన్న పిలిస్తే పలికే మాట.
స్టేజి కింద మేం ఆరుగురం నవ్వినం.
పద్దెనిమిది వేల మంది, లెబనానోళ్ళు, ఫిలిప్పీనోళ్ళు, ఎవరెవరో,
అది పాటే అనుకొని
"ఆయ్!" అని తిరిగి ఒర్రిర్రు.

వాడు బిత్తరపోయిండు,
డక్టుల కూత వేరే మనిషిని తోలుకొచ్చినట్టు.
తర్వాత మా చీకటి దిక్కు మొఖం తిప్పిండు.
నన్ను చూసిండని చెప్పను. నల్లంగి గదా.

రెండున్నరకు అంత ఖాళీ. లైట్లు దించినం.
వాడు ఇంక వైరున్న మైకే వాడుతడు,
పట్టుకున్న కాడ చెమట ఆరలే.
ఒకసారి లోపలికి,
ఒకసారి బయటికి.