నాలుగో అంతస్తు సముద్రం

కిటికీ కింద రియెకా రేవు, కావలసినంత సముద్రం.
ద్రాగిత్సా మాత్రం ప్యాకెట్ ఉప్పు కలిపి
నాలుగో అంతస్తులో ఇంకోటి పెట్టుకుంది,
రెండు నారింజ రంగు చేపల కోసం.

తాళంచెవి నాకిచ్చి జాదర్ వెళ్లింది.
చీటీలో ఇంతే:
చిటికెడు మేత. గీత దాకా మంచినీళ్లు.
కొట్టుకుంటే కంగారు పడకు.

పడ్డాను.
మూడో రోజు పెద్దది చిన్నదాని తోక కొరికింది.
చిన్నది పక్కకి ఒరిగి
చలిజ్వరం వచ్చినట్టు గడగడా వణికింది.
పోయిందనుకుని అర్ధరాత్రి ఫోన్ చేశాను.

ఆవిడ నవ్వింది.
"చావు కాదు జ్వోనిమిర్, ఒప్పుకోలు.
దుకాణం నుంచి తెచ్చినప్పుడు
రెండిట్లో ఏదీ ఆడది కాదు.
పెద్దరికం ఎవరిదో తేలాక
పెద్దది ఆడదవుతుంది,
వణికింది మగవాడిగా కుదురుకుంటుంది."
ముప్పై ఏళ్లు రేవులో క్రేన్ తోలాను,
ఇంత సూటి ఒప్పందం ఏ యూనియన్‌లోనూ చూళ్లేదు.

శుక్రవారం బూరా గాలికి కరెంటు పోయింది.
గరిటెతో నీళ్లు ఎత్తి పోస్తూ
తెల్లవార్లూ కూర్చున్నాను.
టార్చి వెలుగులో చూద్దును కదా,
పిడి విరిగిన కాఫీ కప్పు పక్కన
రెండూ ఒకే మూలకి ఒరిగి నిద్ర.
కొరికిన సంగతి
ఏ ఒక్కదానికీ గుర్తున్నట్టు లేదు.

సోమవారం ఆవిడ వచ్చింది.
కప్పు మీద నాచు లేదు, తోమి పెట్టినట్టుంది.
"గుడ్లకి చోటు చూసుకుంటున్నాయి," అంది.
తర్వాత నా అరచేతిలో గరిటె బొబ్బ చూసింది.

తాళంచెవి తిరిగి ఇస్తుంటే
చెయ్యి కాస్త వణికింది.
వయసు, అన్నాను.
"ఉంచుకో," అంది.