పంతొమ్మిదో పేజీ

వారాసిగూడలో బుచ్చిలింగం గిర్ని మీద గది.
ఆదివారం మూడింటికి కింద మిషను ఆగుతుంది,
మెట్లెక్కి మేం వస్తాం.
కిటికీ రెక్క మీద, కుర్చీ చేతుల మీద,
ఒక్కోసారి మా మాటల మీద కూడా
సన్నగా జొన్నపిండి.
ఇక్కడ ఏది ముట్టుకున్నా వేలిముద్ర పడుతుంది.
డిటెక్టివ్ నవలల గుంపుకి ఇంతకంటే మంచి చోటేదని
నరహరి మొదటిరోజే నవ్వాడు.

నరహరి బండి మీద బిర్యానీలు చేరవేస్తాడు,
తార్నాక సిగ్నల్ దగ్గర
ఎర్రలైటుకి ఒక పేరా చొప్పున చదువుతాడు.
ఫణిభూషణ్ గారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిటైరయ్యారు,
సాక్షి సంతకం లేనిదే ఏ పాత్రనీ నమ్మరు.
సఫియా మేడం లెక్కల టీచరు.
తెలుగు నిదానంగా,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు చదువుతారు.
అందుకే ఎప్పుడూ మొదటి వంతు ఆమెది.
నాది మందుల షాపు. ఇరవై రెండేళ్లుగా
డాక్టర్ల రాతలు చదివి బతుకుతున్నాను.

ఆ నెల పుస్తకం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికింది,
ముప్పై రూపాయలకి.
అట్ట లేదు, పేరు లేదు, రాసిందెవరో తెలీదు.
లోపల ఎప్పుడో మూతపడ్డ అద్దె లైబ్రరీ ముద్ర,
రోజుకి పావలా.
చివరి అధ్యాయం అంచుల్ని బుచ్చిలింగం
మైదా జిగురుతో అంటించేశాడు.
అది అందరం కలిసి వినాల్సింది,
ముందే తొంగిచూడడాలు లేవు.

నా వారం వచ్చింది.
పంతొమ్మిదో పేజీ, శవం ఇంకా చల్లబడనే లేదు,
మార్జిన్లో పెన్సిలు:
"చంపింది వంటవాడు."

పావలా ఇచ్చి నలభై ఏళ్లకి సరిపడా
పాపం కట్టుకున్న ఆ పాఠకుణ్ణి
నోరారా తిట్టాను.
ఆదివారం మాత్రం ఎవరికీ చెప్పలేదు.
మిగతావాళ్ల ఆట ఎందుకు చెడగొట్టడం.
ఫణిభూషణ్ గారు వీలునామా పట్టుకుని వేలాడారు.
నరహరి డ్రైవర్‌ని అనుమానించాడు.
సఫియా మేడం బావమరిది మీద
పేపరు నిండా రుజువు కట్టారు, సమయాలు, దూరాలు,
చివర రెండు గీతలు కొట్టి.
నెల పొడుగునా వంటవాడి పేరు ఎవరూ ఎత్తలేదు.
అతను వండిన పప్పు గురించి కూడా.

ఆఖరి ఆదివారం.
"కత్తెర ఎందుకు మేడం, గోరుతోటే వస్తది," అని
బుచ్చిలింగం జిగురు విప్పాడు.
ఫణిభూషణ్ గారు దస్తావేజు చదివినట్టు చదివారు.
చంపింది కంపౌండరు.
మందు గ్లాసులో, నా కళ్ల ముందే.

"వంటవాడు కాదా?"
మూడు నోళ్లు ఒక్కసారే.
తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
నవ్వుకి గదిలో పిండి లేచింది, నరహరికి పొలమారింది.
సఫియా మేడం అప్పుడు
ఫ్లాస్కు మూత ఎక్కడుందో వెతుకుతున్నారు.

పుస్తకం ఆ రాత్రి నాతో వచ్చింది.
షాపులో ట్యూబులైటుకి ఎత్తిపట్టి చూశాను.
సీసం చెరిగిపోతుంది, నొక్కి రాసిన గాడి పోదు.
వంటవాడి కింద, రబ్బరు అరిగిన చోట,
పాత గట్టి చేత్తో: కంపౌండరు.
పైన కొత్త రాత. తలకట్టు ప్రతిదీ
లెక్క సరైందని పెట్టే టిక్కులాగా.
మా చాయ్ ఖర్చుల పుస్తకంలో
ఆ టిక్కుల్ని వారం వారం చూస్తూనే ఉన్నాను.

అంటే మొదటి వారం నుంచీ ఆమెకి తెలుసు.
ముప్పై ఏళ్లు తప్పు లెక్కకి సున్నా వేసిన మనిషి
మా కోసం నాలుగు ఆదివారాలు
కావాలనే తప్పు చేస్తూ కూర్చుంది.

అడగలేదు. ఏమని అడగను.

ఈ నెల పుస్తకం నేనే కొన్నాను.
షట్టరు సగం దించి, రబ్బరు పట్టుకుని,
కథ మీద కన్ను పడకుండా
మార్జిన్లు మాత్రమే తిరగేశాను.
పాత జ్వరం మాత్రల రసీదు ఒకటి, చీమ ఒకటి.
పంతొమ్మిదో పేజీ ఖాళీ.
కాసేపు ఆగి, పెన్సిలు చెక్కుకుని,
డాక్టరు రాతలో రాశాను:
"చంపింది మందుల షాపావిడ."

మొదటి వంతు సఫియా మేడంది.