గిన్నె మునిగేలోగా

నా పేరు హద్దు.
దాదెస్ లోయలో మా ఊరి కాలువకు నీరటిని.
నలభై ఏళ్లుగా నా పని ఒక్కటే:
అడుగున సూదిబెజ్జం ఉన్న రాగిగిన్నెను
తొట్టి నీళ్లమీద వదలడం,
అది మెల్లగా నిండి బుడుంగున మునిగితే
"ఒకటి" అనడం.

రోజుకు ఇరవై నాలుగు గిన్నెలు.
బడి మొహం చూడలేదు నేను.
తాటికి ముడులేసుకుంటూ
లెక్క తప్పకుండా ఇంతదాకా వచ్చాను.

మంగళవారం పొద్దున్నే ఇత్తు వచ్చింది.
నాలుగో తరగతి. మోకాళ్ల దాకా బురద,
ముక్కు చివర కోపం.
"తాతా, గుణిస్తే పెరగాలా, వద్దా?"
పెరగాలి మరి, అన్నాను.
"సగాన్ని మూడోవంతుతో గుణిస్తే
ఆరోవంతు అంటోంది పంతులమ్మ.
అంత చిక్కిపోయిందేమిటి?"

నవ్వొచ్చింది, ఆపుకున్నాను.
మట్టిలో గుణకారం గుర్తు గీసింది,
రెండు పుల్లలు ఒకదాని మీదొకటి పడ్డట్టు.
ఆ పుల్లలు తీసెయ్, అక్కడ "లో" అని పలుకు.
సగంలో మూడోవంతు.
ఇప్పుడు చెప్పు, ఈ రోజు నీళ్లలో మీ వంశానిదెంత?
"సగం. పన్నెండు గిన్నెలు."
ఆ సగంలో మీ ఇంటిది?
"మూడోవంతు. అంటే... నాలుగు."
నోరు తెరుచుకునే ఉండిపోయింది.
ఇరవై నాలుగులో నాలుగు!
ఆ ఆరోవంతు పుట్టినప్పటినుంచీ
తన పెరట్లోనే పారుతోంది.

ఆ నాలుగులో పావు మీ అమ్మ
బాదం మొక్కలకు పెడుతుంది కదా?
"ఒక్క గిన్నె," అంటూనే
కింది అంకెలు వేళ్లమీద గుణించింది.
రెండు మూళ్లు ఆరు,
ఆరు నాలుగులు ఇరవై నాలుగు.
ఇరవై నాలుగులో ఒకటి.
పుస్తకంలో చీమతలంత ఉన్న ఆ అంకె
నా చేతిలో తడితడిగా, బరువుగా, రాగిరంగులో.

ఇంకో లెక్క ఉందంది.
ముప్పావులో మూడింట రెండు వంతులు.
నా మూట విప్పాను. పొద్దున పావు రొట్టె తినేశాను,
మిగిలినవి మూడు ముక్కలు.
అందులో రెండు నీవి, తీసుకో.
రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.
"సగం రొట్టె!"
నోటినిండా కుక్కుకునే జవాబు రాసుకుంది.
పేజీమీద ఆలివ్ నూనె మరక.

లెక్క అక్కడితో ఆగితే బాగుండేది.
ఈ ఏడు మంచు పడలేదు.
కొండ ఊట సగానికి పడిపోయింది.
గిన్నెకు ఆ సంగతి తెలియదు,
ఎప్పటంత సేపటికే మునుగుతుంది.
ఇత్తుకు తెలుసు.
చివర్న ఇంకో సగం చేర్చింది, ఎవరూ అడక్కుండానే.
నలభై ఎనిమిదిలో ఒకటి.
పెన్సిలు కొరుకుతూ
బాదం మొక్కల వైపు చాలాసేపు చూసింది.

సాయంత్రం తుదా వంతు.
మొగుడు పోయాక
మరుదులు పంచగా పంచగా ఆమెకు దక్కింది
ఒకే ఒక్క గిన్నె.
పార భుజాన వేసుకుని మడి గట్టున నిలబడింది.
ఆమె తర్వాత ఇత్తు వాళ్లదే.
చీకటి పడితే ఆగిపోయేదీ వాళ్ల నీళ్లే.

గిన్నె వదిలాను.
తొట్టి పక్కన కూర్చున్న పిల్ల
చిటికెనవేలు నీళ్లలోకి దిగింది,
గిన్నె కిందకు జరిగింది,
బెజ్జం దగ్గర ఆగింది.

నలభై ఏళ్లు ఒక్క బొట్టు
అటుదిటు పోనివ్వలేదు నేను.
ఊళ్లో నా పేరు చెబితే
కొట్లాటలు ఆగిపోతాయి.

కొండ మీద తప్పిపోయిన మేక ఏదో
కనబడినట్టు అటు తిరిగాను.

తుదా మడి ఆ చివరిదాకా తడిసింది.
ఎప్పటికో గిన్నె మునిగింది.
"ఒకటి" అన్నాను.
తాటికి ఒక్క ముడే వేశాను.