మొదటి నీళ్లు

ఖసబ్‌ల వాన ఏడాదికి ఎన్నిసార్లు పడ్తదని
ఉమ్ ఖల్ఫాన్‌ను అడిగిన.
ఒక చెయ్యి ఎత్తి అయిదు వేళ్లు చూపింది,
కొంచెం ఆలోచించి రెండు మడిచింది.

మూడు వానల కోసం
నలబై రెండు మీటర్ల పైపు,
పదకొండు ఎల్బోలు,
రెండువేల లీటర్ల తెల్ల ట్యాంకు.
కమ్రుల్ నవ్వాపుకోలేక నిచ్చెన దిగిండు.
"భాయ్, మా బరిసాల్‌ల వానను ఎల్లగొట్టనీకె కాల్వలు తవ్వుతం.
ఈడ దాన్ని ఇంట్లకు రమ్మని పైపులు పరుస్తున్నం."

ఆమె మాత్రం నవ్వలే.
కొండ మీద వాళ్ల తాత కట్టిన రాతి తొట్టి ముచ్చట చెప్పింది.
బిర్కా అంటరంట.
బంగారం పెట్టెకు తాళం లేకుండె గాని
నీళ్లకు ఉండె, అన్కుంట
మెడకాడ, తాళంచెవి ఏలాడిన జాగల,
ఓసారి తడుముకున్నది.
నా అరబ్బీ అంతంత మాత్రం.
ఆ చెయ్యి మాత్రం సాఫ్‌గ అర్థమైంది.

మట్టపు గొట్టం పెట్టి మిద్దె వాలు చూసిన.
బుడగ నడుమ నిలిస్తె నీళ్లూ నిలుస్తయి.
ఎంటికంత పక్కకు జరగాలె,
అప్పుడే పారుతయి.

మొదటి వాన తాగద్దు.
ఆర్నెల్ల దుమ్ము, పావురాల రెట్టలు, సముద్రం ఊదిన ఉప్పు
అన్నీ దాంట్లనే వస్తయి.
అందుకే ట్యాంకుకు ముందల నిలువు పైపొకటి.
ఆ నీళ్లు అందుల నిండాలె,
నిండినంక లోపలి బంతి తేలి మూతి మూసెయ్యాలె,
ఎనుకొచ్చేటియే ట్యాంకుల పడాలె.
నాకూ ఉండె అట్లాంటి మొదటి ఏడాది:
బోర్డు లేని కంపెనీ,
ఏజెంటు ఎత్తని ఫోను.
ఎవలడిగినా చెప్ప.
నిలువుగ నిండి ఉన్నది లోపల.
అడుగు మూత ఇప్పలేదు ఇంకా.

ఆ బంతే దుకాణంల దొరకలే.
పది దినాలన్నడు షాపాయన.
ఉమ్ ఖల్ఫాన్ మనుమరాలు రయ్యా, ఏడేండ్లది,
పొద్దటి సంది నిచ్చెన కాడనే నిలవడ్డది,
చేతుల పసుప్పచ్చ రబ్బరు బంతి.
నేను చూసిన. ఆమె ఎనుక దాచింది.
బేరం గంటసేపు నడిచింది.
"మళ్లెప్పుడిస్తవ్?"
"వానొచ్చిన్నాడు. అదే పైకి తేల్తది."
"వానెప్పుడొస్తది?"
ఆ మాటకు ముగ్గురం కొండల దిక్కు చూసినం.

ఆగస్టు.
మా క్యాంపుల చన్నీళ్ల నల్లా తిప్పినా చెయ్యి కాలుతది.
ఏసీ పైపు కింద బకెట్ పెట్టి
రాత్రంత చుక్క చుక్క పోగువడ్డది
పొద్దున వంతులేసుకొని నెత్తి మీద పోసుకుంటం.
ఎక్కడి నీళ్లవి?
ఎనిమిది మంది ఊపిరిల తేమ.
మేం గూడ వానలెక్కనే కురుస్తున్నం గావచ్చు.

శుక్రవారం ఆ గల్లీల పోతె
రయ్యా పైపును తట్టి చెవి ఆనిచ్చి వినేది.
అక్టోబర్ పాయె. నవంబర్ పాయె.
నన్ను చూస్తె మొఖం తిప్పుకునుడు మొదలువెట్టింది,
బాకీ ఎగ్గొట్టినోన్ని చూసినట్టు.

డిసెంబర్ చివర్ల ఓ రాత్రి
రేకుల మీద గుప్పెడు కంకర ఇసిరినట్టు చప్పుడు.
కమ్రుల్ లేచి కూసున్నడు. ఎవ్వలం మాట్లాడలే.
నేను లెక్కవెడుతున్న:
నూట ఇరవై చదరపు మీటర్ల మిద్దె,
మిల్లీమీటరుకు నూట ఇరవై లీటర్లు,
మొదటి నలబై నిలువు పైపుకు,
ఏడో ఎల్బోకు గమ్ము సరిగ పూసిన్నా లేదా...

ఫోనుల వాయిస్ మెసేజ్.
ముందు ఉత్త వాన.
తర్వాత తలుపు తియ్యద్దని ముసలామె కసురుడు.
పైపుల గుడగుడ, గొంతు దాకా వచ్చిన మాట లెక్క.
ఆ తర్వాత
టక్.

"తేలింది," అన్నది రయ్యా. "పొద్దున వచ్చి ఇయ్యి."

సంచిల పెద్ద పానా పెట్టుకున్న.
బంతి తియ్యాలంటె ముందుగాల
అడుగు మూత ఇప్పి
ఆ మురికి నీళ్లన్నీ పారబొయ్యాలె.