ఎరుపు కనిపించని వాళ్ళకి

ముప్పై ఒక్క ఏళ్ళు
బోహిన్ లోయలో ఉత్తరాలు పంచాను.
ఎవరి తలుపు ఏ రంగో,
ఎవరి కుక్క ఏ వేళకి కునుకు తీస్తుందో
ఇప్పటికీ నా మడమలకి తెలుసు.
సంచీ దించేసిన చలికాలం
చేతులు ఊరుకోలేక
చెక్క కాల్చే పెన్ను ఒకటి కొనుక్కున్నాను.

మొదటి నెలంతా ఇంట్లో మాడు వాసనే.
నొక్కితే మసి, వదిలితే వెలవెల.
పైన్ మొండిది, జిగురు కక్కి గీతని పక్కకి తోసేస్తుంది.
లిండెన్ మెత్తన, వెన్నలోకి వేలు దిగినట్టు.
బీచ్‌కి ఓపిక కావాలి,
నాకది మంగళవారాలు మాత్రమే ఉండేది.
గీత చివర ముక్కుని చటుక్కున ఎత్తెయ్యాలి,
గంట నొక్కి వేలు తీసేసినట్టు.
ఆగావా, అక్కడొక నల్లటి పుట్టుమచ్చ.

రంగా? వద్దనేదాన్ని.
పాలమీగడ నించి బొగ్గు దాకా
నిప్పు దగ్గరున్నవి చాలవా?
రంగు వెయ్యడమంటే
అన్న మాట మీద నమ్మకం లేక గొంతు పెంచడమే
అని అందరికీ చెప్పేదాన్ని,
అడగనివాళ్ళకి కూడా.

ఏప్రిల్‌లో పై ఇంటి లోవ్రో వచ్చాడు.
తేనెపెట్టెల ముందు పలకలు పురుగు తినేసిందట,
వాళ్ళ ముత్తాత నాటివి.
పద్నాలుగు లిండెన్ పలకలు నా బల్ల మీద పేర్చి వెళ్ళాడు.

కాల్చాను.
వేటగాడి శవాన్ని మోసుకెళ్ళే ఎలుగుబంట్లు.
ముసలమ్మ నాలుకని సానపట్టే దయ్యం, ఇక్కడి పాత పరాచికం;
నేను కాస్త మార్చాను,
నా పలక మీద నాలుక దయ్యానిది,
సానరాయి తిప్పేది ముసలమ్మ.
తపాలా సంచీ తగిలించుకున్న నక్క.
అదెవరో చెప్పక్కర్లేదు.

లోవ్రో మురిసిపోయాడు.
ఈగలు మురవలేదు.
మే నెలంతా తమ ఇల్లనుకుని పక్కింట్లో దూరడం,
గుమ్మాల్లో కొట్లాటలు,
తెల్లారేసరికి పలకల కింద
బూడిద రంగు ఒళ్ళు పిడికెడేసి.
"నీ నక్కా నీ ఎలుగూ వాటికొకటే అల్బీనా,"
అన్నాడు, నా వైపు చూడకుండా.
"అన్నీ కాలిన చెక్కలే."

ఒక్క ఉత్తరమూ తప్పు గడపలో వెయ్యనిదాన్ని
పద్నాలుగు ఊళ్ళకి ఒకే చిరునామా రాసిపెట్టాను.

ఆ రాత్రి పలకలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను.
కాల్చడం పూర్తయ్యాకే రంగు;
రంగు మీద కాలిస్తే ఆ పొగ గొంతులో విషం.
గరుకు కాగితంతో మసి దులిపి
నీళ్ళెక్కువ రంగు తక్కువ,
కింద నా గీతలు
పొగమంచులో కంచెలా కనబడుతుండాలి.
దయ్యానికి మొదట ఎర్ర కోటు తొడిగాను.
ఎంత ముచ్చటేసిందో!
పొద్దున్నే లోవ్రో తల గోక్కున్నాడు.
"వాటికి ఎరుపు కనిపించదు.
వాటికది చీకటి."

మళ్ళీ కూర్చున్నాను.
ఎలుగుల వెనక నీలం ఆకాశం.
నక్క సంచీకి పసుపు,
నేను ఒంటి మీద అన్నేళ్ళు మోసిన జాకెట్టు పసుపే.
దయ్యం కాళ్ళ కింద, గుమ్మం చుట్టూ నీలం పట్టీ.
ఎవరి కోసం వేస్తున్నానో తెలిశాక
చెయ్యి వణకలేదు.

జూన్. కొండవాలు లిండెన్లన్నీ పూశాయి.
నేను కాల్చేది ఏ చెట్టునో
ఈగలు మోసుకొచ్చేది ఆ చెట్టు వాసనే.
కాళ్ళకి పుప్పొడి ముద్దలతో ఒకటి
నక్క ముందు గాలిలో ఆగింది.
ఎడమకి. కుడికి. మళ్ళీ ఎడమకి.
కొత్తగా వచ్చినవాళ్ళు పెట్టె మీద పేరు చదువుకున్నట్టు.
పసుపు సంచీ కిందుగా లోపలికి పోయింది.

దయ్యం ఎర్ర కోటు మాత్రం తుడవలేదు.
బస్సు దిగి నడిచొచ్చేవాళ్ళు దాని దగ్గరే ఆగి నవ్వుతారు.
ఆ పెట్టె ఈగలు
ఆ చీకటిని పట్టించుకోకుండా
నీలం గుమ్మంలోకి వెళ్ళిపోతుంటాయి,
దారిలో దయ్యమే లేనట్టు.