మూడో సైరన్

చీమకుర్తిలో మధ్యాహ్నం ఒంటిగంటకి
క్వారీ సైరన్ మూడుసార్లు కూస్తుంది.
మొదటి కూతకి మనుషులు తప్పుకోవాలి
రెండో కూతకి మేకల్ని తోలెయ్యాలి
మూడో కూత తర్వాత
రాయికీ దేవుడికీ మధ్య ఎవరూ ఉండకూడదు.

ఆ రోజు మూడో కూత తర్వాత
మా సీలన్న నీళ్ళ క్యాన్ మర్చిపోయానని
వెనక్కి వెళ్ళాడు.
నేను చూస్తూనే ఉన్నాను.

రాతిముక్క ఒకటి నా భుజంలో ఎముకని పట్టుకుపోయింది.
మిగతాదంతా బాగానే ఉందని
వొంగోలు రిమ్స్‌లో రాసిచ్చారు.
ఆ కాయితంలో లేనిది ఒకటే:
ఆనాటి నుంచీ నా ఒళ్ళు నా మాట వినదని.

కుక్కర్ కూస్తే మంచం కిందికి.
పెళ్ళి ఊరేగింపులో టపాకాయ పేలితే
సైడు కాలవలోకి, కొత్త పంచెతో సహా.
పిల్లలు నవ్వితే నేనూ నవ్వేవాణ్ణి
పళ్ళు టకటకలాడుతుండగా.
రాత్రిపూట రోడ్డు మీద లారీ గేరు మార్చినా
చేతులు రెండూ తలమీదికెక్కి కూచునేవి,
నన్నడక్కుండానే.

చావు నోట్లోంచి బయటపడ్డావు గదా,
లేచి సాక్ష్యం చెప్పమన్నారు సంఘంలో.
లేచాను.
మైకు కీచుమంది.
బల్ల కింద దొరికాను.
ఒకాయన మెల్లగా,
నాకు వినపడేంత మెల్లగా,
"విశ్వాసం చాల్లా" అన్నాడు.

ఏడు నెలలు చర్చి వైపు పోలేదు.
దెబోరమ్మ పెద్దమ్మే వచ్చేది
మోకాళ్ళ నొప్పులతో, సంచిలో కూరగాయలతో.
గొంతెత్తితే నేను ఉలిక్కిపడతానని
ప్రార్థన గుసగుసగా చేసేది.
"ఆయనకేం చెవుడు లేదులేరా" అనేది.
డాక్టరమ్మ రాసిన మాత్రల్నీ ప్రార్థనలో కలిపేది,
పేరు నోరు తిరక్క
ఆ పసుపుబిళ్ళలు, ప్రభువా, అని.

ఒకనాడు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది:
"సమాధి కాడికి పొయ్యిన ఆడోళ్ళు
రాయి దొర్లిపోయుంటే ఏం చేశారంటావ్?
గజగజా వణికిపోయి పరుగు తీశారు.
నోట మాటే రాలా.
ఆ వణికే కాళ్ళ మీదే గదరా అబ్బయ్యా
సంగతి ఊళ్ళోకొచ్చింది!
వణకబాకండి, వణికితే మీకు కనపడనన్నాడా ఆయన?"

నేనేం మాట్లాడలేదు.
చిక్కుడు గింజ ఒకటి జారి
మంచం కిందికి దొర్లింది.
వంగి, పాక్కుంటూ పోయి, తీసుకొచ్చాను.
నా ఇష్టంతో మంచం కిందికి పోవడం
అదే మొదలు.

ఈస్టరు తెల్లవారుజామున సీలన్న పక్కన కూచున్నాను.
కంపెనీ ఊరికే ఇచ్చిన గెలాక్సీ పలక,
కొవ్వొత్తి పెడితే నలుపులో బంగారు చుక్కలు లేచాయి.
అన్నని తీసుకుపోయిన రాయే.
దాని మీదే అన్న పేరు.
"పిలిచుండాల్సిందన్నా, నోరు పెగల్లా" అన్నాను.
అటుపక్క ఎవరో పాటెత్తుకున్నారు.
నాకైతే జవాబేం రాలేదు.
కాకపోతే పొద్దెక్కి పలక వెచ్చబడేదాకా
లేచి పారిపోలేదు.

ఇప్పుడు నా పని రోడ్డు మలుపులో,
ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని
బండ్లని ఆపడం.
మొదటి కూతకి "ప్రభువా" అంటాను.
రెండో కూతకీ అంతే, ఆ పైన మాటలు రావు.
మూడో కూతకి చెయ్యి వణుకుతుంది, ఇవాళ్టికీ.
చేతిలో జెండా వణుకుతుంది.
బండ్ల మీదోళ్ళు గాలనుకుంటారు.

నిన్న నీళ్ళ క్యాన్ల ఆటో ఒకటి
ఆపకుండా దూసుకొచ్చింది.
మూడేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న కేక
అప్పుడు బయటికొచ్చింది.

కుర్రాడు బ్రేకేసి తల బయటపెట్టి
"ఎందుకయ్యా అంత అరుపు" అని విసుక్కున్నాడు.